మూలకణాల మార్పిడి అయి తొమ్మిదేళ్లు. రక్తం బాగుంది, మరి గుండె సంగతి ఎవరు చూడాలి?

తొమ్మిదో ఏడు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నాకిప్పుడు 40 ఏళ్లు. 31వ ఏట అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చింది. కీమోతో జబ్బు అదుపులోకి రాగానే (రెమిషన్ అంటారు) మా అన్నయ్య మూలకణాలతో మార్పిడి చేశారు. దానికి ముందు మూడు రోజుల పాటు రోజుకి రెండు పూటలా ఒళ్లంతటికీ రేడియేషన్ ఇచ్చారు, మొత్తం 12 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత). తర్వాత జీవీహెచ్‌డీ వచ్చింది, అంటే అన్నయ్య కణాలు నా ఒంటి మీదే దాడి చేయడం. నోరు, కళ్లు, చర్మం మూడూ దెబ్బతిన్నాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రెండేళ్లకు పైగా, ఆ దాడిని అణచే సైక్లోస్పోరిన్ మూడున్నరేళ్లు వాడాను. ఇప్పుడు కంటి చుక్కలు తప్ప ఏ మందూ లేదు.

గత నెల పన్ను తీయించుకోవడానికి వెళ్లాను. నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉండటం వల్ల నా పళ్లు తొందరగా పుచ్చిపోతుంటాయి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చే ముందు డాక్టరమ్మ బీపీ చూశారు. 156/98. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశారు. 152/96. "ఇవాళ పన్ను వద్దు, ముందు ఇది చూపించుకోండి" అని పంపేశారు.

దగ్గర్లో ఉన్న జనరల్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, "నలభైకే బీపీ ఏంటండీ, టెన్షన్ తగ్గించుకోండి, మూడు నెలలాగి రండి" అన్నారు. మార్పిడి సంగతి చెప్పాను. "అది నయమైపోయింది కదా" అన్నారు. మనసు ఒప్పక నేనే రక్త పరీక్షలు చేయించుకున్నాను. పరగడుపు షుగర్ 114, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 238, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 34, చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 158. నేను లావుగా ఉండను. బరువు 64 కిలోలే. చేతులూ కాళ్లూ సన్నబడిపోయి పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది.

ఏడాదికోసారి రక్త జబ్బుల విభాగం, హెమటాలజీ ఓపీకి వెళ్తాను. రక్తకణాల కౌంట్స్ చూస్తారు, అంతా బాగుందంటారు. కైమెరిజం 100 శాతం, అంటే నా ఒంట్లో ఉన్నది పూర్తిగా అన్నయ్య రక్తమే. అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. తనకి బీపీ లేదు, షుగర్ లేదు. ఒకే అమ్మానాన్నల పిల్లలం, ఇప్పుడు రక్తం కూడా ఒకటే. అది తిరిగే గొట్టాలు మాత్రం నావి. అక్కడే ఏదో జరిగిందని నా అనుమానం.

ఇంకో మాట. మూడో అంతస్తులో ఉంటాం. ఏడాది కిందటి వరకు మెట్లు ఆగకుండా ఎక్కేవాణ్ణి. ఇప్పుడు రెండో అంతస్తులో ఆగాల్సి వస్తోంది. మా అమ్మాయికి పదకొండేళ్లు. పైమెట్టు మీద నిలబడి "నాన్నా, నెమ్మదిగా రా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా భయమేస్తోంది.

ఇదంతా మార్పిడి వల్లేనా? ఏ డాక్టర్‌ని కలవాలి, ఏ పరీక్షలు అడగాలి? ఇలాంటివి ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి.


ఫాలోఅప్ సిస్టర్ రాశారు:

తమ్ముడూ, నేను మార్పిడి అయినవాళ్ల ఫాలోఅప్ క్లినిక్‌లో 14 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాదు కాబట్టి మందులు చెప్పను. ఏం అడగాలో మాత్రం చెప్తాను.

మూడు నెలలు ఆగవద్దు. మీరు రాసినవన్నీ ఒకే కథలో భాగాలు. నడుము కొలత, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, బీపీ, షుగర్ అనే ఐదింటిలో మూడు అదుపు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. పొట్ట పక్కన పెట్టినా మీకు నాలుగున్నాయి: ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయి, హెచ్‌డీఎల్ 40 కంటే తక్కువ, బీపీ 130/85 దాటింది, పరగడుపు షుగర్ 100 దాటింది. బరువు 64 కిలోలని ధైర్యంగా ఉండొద్దు. ఒళ్లంతటికీ రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కండ తగ్గి కొవ్వు లోపల చేరడం మా క్లినిక్‌లో తరచూ చూస్తాం. తూకం రాయి దాన్ని పట్టుకోలేదు, టేపు పట్టుకుంటుంది.

ఎందుకిలా జరుగుతుందంటే, మీ గుండెకి, రక్తనాళాలకి దెబ్బలు వరసగా తగిలాయి. లుకేమియా కీమోలో ఎర్రగా ఉండే సెలైన్ ఎక్కించి ఉంటారు, గుర్తుందా? డానోరుబిసిన్, డాక్సోరుబిసిన్ ఆ జాతివి, ఆంత్రాసైక్లిన్స్ అంటారు. అవి గుండె కండరంలోని కణాలను చంపుతాయి. పోయిన కణాల చోట కొత్తవి దాదాపు పుట్టవు. మిగిలినవే ఎక్కువ పని చేసి కొన్నేళ్లు నెట్టుకొస్తాయి, అందుకే నష్టం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. రేడియేషన్ రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది. థైరాయిడ్‌ని, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌ని కూడా వదలదు. స్టెరాయిడ్ షుగర్‌నీ కొవ్వునీ పెంచుతుంది. సైక్లోస్పోరిన్ బీపీ పెంచి కిడ్నీని నలుపుతుంది, మందు ఆపినా కిడ్నీలో పడిన మచ్చ పూర్తిగా పోకపోవచ్చు. వీటన్నిటి మధ్య జీవీహెచ్‌డీ వాపు ఒకటి.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని టెస్టు కాదు. మీ పాత ఫైలు తీసి, ఆంత్రాసైక్లిన్ మొత్తం ఎంత వెళ్లిందో లెక్క రాయించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో చాలాసార్లు ఉండదు, కీమో చార్టుల్లో ఉంటుంది. డాక్సోరుబిసిన్ లెక్కలో ఒంటి వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకి 250 మిల్లీగ్రాములు, ఆపైన వెళ్లినవాళ్లని ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లుగా చూస్తారు. డానోరుబిసిన్‌ని నేరుగా కలపకూడదు, సుమారు సగం చేసి కలుపుతారు. రేడియేషన్ పడితే అంతకంటే తక్కువ మోతాదుని కూడా తేలిగ్గా తీసుకోరు. ఈ కాగితం లేకుండా కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఆయనకి మీరు మామూలు 40 ఏళ్ల మనిషి. కాగితం ఉంటే మీ గుండె ఎన్నేళ్లదో ఆయన వేరేగా లెక్కకడతారు. మామూలు హార్ట్ రిస్క్ కాలిక్యులేటర్లలో వయసు, సిగరెట్, కొలెస్ట్రాల్ ఉంటాయి గానీ మార్పిడి అనే గడి ఉండదు. అవి మీకు తక్కువ చేసి చూపిస్తాయి.

తర్వాత అడగాల్సినవి: ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్). ఎకోలో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకి ఎంత శాతం రక్తం బయటకి తోస్తుందో చెప్పే అంకె, ఒక్కటే చాలదు. గుండె కండరం ఎంత ముడుచుకుంటోందో చెప్పే స్ట్రెయిన్ కూడా కొలవమనండి, జీఎల్ఎస్ అంటారు. ఈఎఫ్ పడిపోకముందే కండరం అలసిపోతున్న సంగతి అందులో తెలుస్తుంది. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, కిడ్నీకి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ దానంతటదే పెరుగుతుంది. మెట్ల దగ్గర ఆయాసం అన్నారు కాబట్టి ఊపిరితిత్తుల పరీక్ష స్పైరోమెట్రీ తప్పకుండా చేయించుకోండి. జీవీహెచ్‌డీ ఊపిరితిత్తుల్లో కూడా దూరుతుంది. ఆయాసం అనగానే అందరూ గుండె వైపే చూస్తే అది దాటిపోతుంది, అలా దాటిపోవడం నేను చూశాను.

బీపీ మిషన్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. పై చేతికి కట్టేది తీసుకోండి, మణికట్టుది వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలమీద ఉంచి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా చూసుకోండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఉదయం, సాయంత్రం, ఏడు రోజులు. ఇంట్లో సగటు 135/85 దాటితే దాన్ని టెన్షన్ బీపీ అని ఎవరూ కొట్టిపారేయలేరు.

డాక్టర్ ఎవరైనా "ఇన్ని ఎందుకు" అంటే చెప్పండి: మార్పిడి అయినవాళ్లకి జీవితాంతం ఏమేం చూడాలో అంతర్జాతీయ మార్పిడి సంఘాలు కలిసి 2006లో సిఫారసులు రాశాయి, 2012లో, మళ్లీ 2023లో సవరించాయి. బీపీ, కొవ్వులు, షుగర్ చూడటం అందులో ఉంది. మనం కొత్తగా కోరుతున్నదేమీ లేదు.


నీలిగువ్వ రాశారు:

తమ్ముడూ, సిస్టర్ గారు చెప్పిన ప్రతి మాటా నిజం. నాది హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫు గ్రంథుల క్యాన్సర్. సొంత మూలకణాలతోనే మార్పిడి జరిగింది. "జీవీహెచ్‌డీ లేదు, నీకేం భయం లేదు" అని అందరూ అంటే నేనూ నమ్మాను. కానీ మార్పిడికి ముందు, 22వ ఏట, ఛాతీకి రేడియేషన్ ఇచ్చారు.

ఇప్పుడు 43. రెండేళ్ల కిందట వేగంగా నడిస్తే దవడ లాగేది. ఆగితే తగ్గేది. పంటి నొప్పి అనుకుని నాలుగు నెలలు గడిపాను. ఛాతీలో నొప్పి ఒక్కసారి కూడా రాలేదు. చివరికి యాంజియోగ్రామ్ చేస్తే గుండె ముందు భాగానికి వెళ్లే నాళం మొదట్లోనే మూసుకుపోతోంది. స్టెంట్ వేశారు. అప్పుడే గుండెలోంచి రక్తం బయటకి వెళ్లే చోట ఉండే అయోర్టిక్ వాల్వ్ కూడా గట్టిపడుతోందని తెలిసింది, దానికి ఏడాదికోసారి ఎకో చూస్తున్నారు. సిగరెట్ లేదు, షుగర్ లేదు, మా వంశంలో ఎవరికీ గుండెజబ్బు లేదు. రేడియేషన్ పడిన పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ ఇలా వస్తుందని స్టెంట్ వేసిన డాక్టర్ చెప్పారు.

ఇది చదివే ఆడవాళ్లకి ఇంకో మాట. మార్పిడి కీమోతో నాకు నెలసరి ఆగిపోయింది. ఇంత చిన్న వయసులో ఆగిపోవడం కూడా గుండెకి, ఎముకలకి మంచిది కాదట. హార్మోన్ల గురించి గైనిక్ డాక్టర్‌ని అడగాలని నాకు పదేళ్లు ఎవరూ చెప్పలేదు. మీరు అడగండి.


బాబు నాన్న రాశారు:

మా బాబుకి తలసీమియా, తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే పుట్టుకతో వచ్చిన రక్త జబ్బు. ఏడో ఏట వాళ్ల అక్క మూలకణాలతో మార్పిడి అయింది. ఇప్పుడు 13. రక్తం ఎక్కించడం ఆగిపోయాక అంతా అయిపోయిందనుకున్నాం. కానీ అంతకుముందు ఎక్కించిన రక్తంలోని ఐరన్ ఒంట్లోనే ఉండిపోతుంది. ఒక్కో రక్తం సంచిలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, దాన్ని బయటకి పంపే దారి శరీరానికి లేదు. అది కాలేయంలోనూ గుండెలోనూ చేరుతుంది. మార్పిడి అయ్యాక బాబు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్త పరీక్ష) 2,400.

ఎంఆర్ఐలో టీ2 స్టార్ అనే కొలత తీశారు. గుండెకి అది 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే ఐరన్ ఉన్నట్టు. మా వాడికి 17 వచ్చింది. రెండు వారాలకోసారి కొంచెం కొంచెంగా రక్తం తీసేశారు, కొత్త మజ్జ బాగా పనిచేస్తోంది కాబట్టి తీసిన రక్తాన్ని అదే తయారుచేసుకుంది. ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఆ టీ2 స్టార్ 26. లుకేమియా వాళ్లకి కూడా కీమో సమయంలో చాలా సంచులు ఎక్కిస్తారు కదా, మీరూ ఒకసారి ఫెరిటిన్ చూపించుకోండి అన్నా.


మందులపెట్టె రాశారు:

కొలెస్ట్రాల్ మందు మొదలుపెడితే దయచేసి నా అనుభవం గుర్తుంచుకోండి. నాకు మార్పిడి అయి నాలుగేళ్లు, ఇంకా సైక్లోస్పోరిన్ మీదే ఉన్నాను. అప్పట్లో ఫంగస్ రాకుండా వొరికొనజోల్ కూడా వేసుకునేదాన్ని. వేరే చోట కొలెస్ట్రాల్ చూసి అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ జాతి మందు) రాశారు, మిగతా మందులేంటని అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో వారానికి తొడలు బరువెక్కి కుర్చీలోంచి లేవలేకపోయాను. మూత్రం ముదురు రంగులో వచ్చింది. కండరం దెబ్బతింటే పెరిగే సీకే పరీక్ష చేస్తే వేలల్లో ఉంది. సైక్లోస్పోరిన్, వొరికొనజోల్ రెండూ స్టాటిన్‌ని ఒంట్లోంచి పోనివ్వవు, అది పేరుకుని కండరాన్ని కరిగిస్తుంది. సెలైన్లు పెట్టి కిడ్నీని కాపాడారు. తర్వాత ప్రవాస్టాటిన్ తక్కువ మోతాదులో ఇచ్చారు, అది నాకు పడింది.

బీపీ మందుల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. డిల్టియాజెమ్, వెరాపమిల్ వేసుకుంటే సైక్లోస్పోరిన్ స్థాయి పెరిగిపోతుంది. నొప్పులకి ఇబుప్రొఫెన్ లాంటివి కొని వేసుకోవడం మానేయండి, బీపీకీ కిడ్నీకీ రెండింటికీ చేటు. మీకిప్పుడు సైక్లోస్పోరిన్ లేదు కాబట్టి భయం తక్కువే. అయినా కొత్త మందు రాసిన ప్రతిసారీ పాత మందుల చీటీ చూపించండి.


తొమ్మిదో ఏడు మళ్లీ రాశారు (ఏడు వారాల తర్వాత):

అక్కలకి, అన్నకి, అందరికీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

ముందు ఫైలు. మార్పిడి చేసిన చోట రికార్డుల గదిలో రెండుసార్లు లేదన్నారు. మూడోసారి వెళ్తే కీమో చార్టులు దొరికాయి. డానోరుబిసిన్ చదరపు మీటరుకి 45 మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లు, అంటే 180. డాక్సోరుబిసిన్ 25 చొప్పున మూడుసార్లు, అంటే 75. మొదటిదాన్ని సగం చేసి కలిపితే 165. దాని కింద 12 గ్రే రేడియేషన్, స్టెరాయిడ్ నెలలు, సైక్లోస్పోరిన్ నెలలు. అంతా ఒక్క పేజీలో సరిపోయింది. తొమ్మిదేళ్లలో ఎవరూ ఆ పేజీ రాయలేదు, నేనూ అడగలేదు.

ఇంట్లో ఏడు రోజుల బీపీ సగటు 144/92 వచ్చింది. ఆ రెండు కాగితాలు పట్టుకుని కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పేజీ మొత్తం రెండుసార్లు చదివి, అప్పుడు నా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టారు. ఆ రోజు నా సగం భయం పోయింది.

ఎకోలో ఈఎఫ్ 54. మామూలు రిపోర్టు అయితే "నార్మల్" అని ఇచ్చేసేవారు. స్ట్రెయిన్ మైనస్ 15.8 వచ్చింది, అది ఉండాల్సినదానికంటే తక్కువ అని చెప్పారు. గుండె పూర్తిగా బలహీనపడలేదు, అలసట మొదలైంది, ఇప్పుడే పట్టుకోవడం మంచిదైంది అన్నారు. స్పైరోమెట్రీ బాగానే ఉంది. ఫెరిటిన్ 640, దాన్ని హెమటాలజీ వాళ్లు చూస్తామన్నారు. క్రియాటినిన్ 1.3, మూత్రంలో కొంచెం ప్రొటీన్.

నేను అస్సలు ఊహించనిది థైరాయిడ్. టీఎస్‌హెచ్ 14.2. మూడేళ్లుగా చూడనే లేదు. ఆయాసం, నీరసం, ఎల్‌డీఎల్ పెరగడం, వీటిలో దాని వాటా కూడా ఉందన్నారు. థైరాయిడ్ మందు 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతున్నారు, గుండె మీద ఒక్కసారిగా భారం పడకూడదని. థైరాయిడ్ సరికాకుండా స్టాటిన్ ఇస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువట, అందుకని అది వచ్చే పరీక్ష చూసి మొదలుపెడతామన్నారు. మందులపెట్టె అక్కా, మీ పోస్ట్ ఆవిడకి చదివి వినిపించాను. సరిగ్గా చెప్పారన్నారు.

బీపీకి టెల్మిసార్టాన్ ఇచ్చారు. గుండెకీ కిడ్నీకీ రెండింటికీ పనికొస్తుందని దాన్ని ఎంచుకున్నారు. రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ చూశారు, పెరగలేదు. ఐదో వారం సగటు 128/80. రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను. అంతకంటే ముఖ్యం అని వారానికి రెండుసార్లు బరువులు ఎత్తే వ్యాయామం రాశారు, పోయిన కండ తిరిగి రావాలట. మొదటి వారం రెండు కిలోల డంబెల్‌తోనే చేతులు వణికాయి. ఇప్పుడు నాలుగు.

మా అన్నయ్య ఈ థ్రెడ్ అంతా చదివి రాత్రి ఫోన్ చేశాడు. "ఆ జీవీహెచ్‌డీ నా కణాల వల్లే కదరా" అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. ఎకో రోజు పొద్దున్నే తనే వచ్చి నన్ను తీసుకెళ్లాడు, లోపల పరీక్ష జరుగుతున్నంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

మెట్లు ఇంకా ఒకసారి ఆగే ఎక్కుతున్నాను. పన్ను మాత్రం పోయిన శనివారం తీయించుకున్నాను.


నీలిగువ్వ రాశారు:

చదువుతుంటే కళ్లు చెమర్చాయి తమ్ముడూ. ఒక చిన్న సాయం. రికార్డుల గదిలో ఏం రాసి అడిగావో ఇక్కడ పెడతావా? నా ఛాతీ రేడియేషన్ ఎన్ని గ్రేనో నాకు ఇప్పటికీ తెలియదు.


తొమ్మిదో ఏడు రాశారు:

తప్పకుండా అక్కా. మూడోసారి ఇచ్చిన కాగితంలో ఇలా రాశాను:

"నాకు మీ దగ్గర మూలకణాల మార్పిడి జరిగింది. గుండె పరీక్షల కోసం ఈ వివరాలు కావాలి: నాకిచ్చిన ప్రతి ఆంత్రాసైక్లిన్ మందు పేరు, చదరపు మీటరుకి మొత్తం మోతాదు. రేడియేషన్ ఏ భాగానికి, ఎన్ని గ్రే, ఎన్ని విడతల్లో. మార్పిడికి ముందు ఇచ్చిన మందులు. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ మొదలుపెట్టిన, ఆపిన తేదీలు. ఎక్కించిన రక్తం సంచుల సంఖ్య. మార్పిడికి ముందు తీసిన ఎకో రిపోర్టు."

ఆ చివరి వాక్యం వదలకండి. ఇప్పటి ఎకోని పోల్చుకోవడానికి పాతది ఉండాలని కార్డియాలజిస్ట్ అడిగారు. రేడియేషన్ వివరాలు చాలాసార్లు వేరే విభాగంలో ఉంటాయి, మీరు నేరుగా అక్కడికే వెళ్లి అడగండి.